ఎర్రదానికి జత

మార్చి నెల. అట్‌బాషీ రోడ్డు మీద
మంచు ఇంకా ఎండతో బేరమాడుతూనే ఉంది.
బిష్కెక్ నుంచి ఆరు గంటలు వచ్చాను,
ఒళ్లో లాప్‌టాప్, బూట్ల నిండా నీళ్లు.
ఉన్ని తివాచీల సహకార సంఘానికి
కొత్త బజారు వెతికిపెట్టాలి. అదీ నా పని.

అధ్యక్షురాలు సాయిరాగుల్ టీ పోస్తూ చెప్పింది:
"మ్యూనిక్‌లో ఒక దుకాణం
ఏడాదికి రెండు వందల షిర్దక్‌లు అడుగుతోంది.
మేం చేసేది డెబ్భై.
తక్కిన నూట ముప్పై ఎక్కడ పుడతాయో
నీ పెట్టెలో చూసి చెప్పు."

చూశాను.
బలాలు, బలహీనతలు, అవకాశాలు, ముప్పులు:
నాలుగు గదుల ఇల్లు కట్టాను,
ఒక్క గదిలోనూ పొయ్యి లేదు.

రిజిస్టరులో అరవై మూడు పేర్లు.
ఆదివారం సమావేశానికి వచ్చింది పంతొమ్మిది.
మిగిలిన నలభై నలుగురికీ
'నిష్క్రియ సభ్యులు' అని పేరు పెట్టి
వాళ్ల గళ్లకి పసుపు రంగు పూశాను.

ప్రశ్నపత్రం పంచాను.
సంఘం మీద మీ సంతృప్తి, ఒకటి నుంచి ఐదు దాకా.
టోక్తోబూబు అవ్వ కళ్లద్దాలు పైకి నెట్టి
"ఐదంటే ఎన్ని గొర్రెలు?" అంది.
అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.
రాత్రి ఆ ప్రశ్నకి జవాబు రాయబోయి
రాయలేకపోయాను.

మర్నాటి నుంచి పసుపు గళ్ల ఇళ్లకి తిరిగాను.
నాలుగు రోజులు.
కుక్కలు నన్ను క్షుణ్ణంగా విశ్లేషించాయి.
మొదటి ఇంట్లో, "ఆదివారం పశువుల సంత గదా, ఎవరొస్తారు?"
రెండో ఇంట్లో అదే మాట.
పదకొండో ఇంటికి రాసుకోవడం మానేశాను.
ఒకామె మాత్రం
"తివాచీ ఇచ్చిన ఎనిమిది నెలలకి డబ్బు.
ఈలోగా పిల్లాడి కాలు రెండు సైజులు పెరిగింది" అంది.

జూరకాన్ ఇల్లు చిట్టచివర, ఏటి అవతల.
గోడకి మేకు, మేకుకి కత్తెర, కత్తెర మీద దుమ్ము.
ఎక్కువ మాట్లాడలేదు. చేతుల్తో చూపించింది:
ఎర్ర ఉన్ని మీద నల్ల ఉన్ని పరిచి
కొమ్ముల ముగ్గుని ఒకేసారి కోస్తారు.
ఎర్రకొమ్ము నల్లనేలలోకి, నల్లకొమ్ము ఎర్రనేలలోకి.
వీసమెత్తు పారేయరు.
ఒక్క కోతకి రెండు తివాచీలు.
ఒకదాని ఖాళీయే ఇంకోదాని బొమ్మ.

"ఎర్రది సంఘానికిచ్చాను, మూడేళ్ల కింద.
దాని జత ఇదిగో."
పరుపుల దొంతరలోంచి లాగి పరిచింది.

నా వేళ్లు అప్పుడే లెక్క మొదలెట్టాయి.
నలభై నాలుగు ఇళ్లు, ఇంటికొక జత, మ్యూనిక్...
"ఎంతకిస్తావు?" అన్నాను, నోరు జారి.

"ఇది అమ్మేది కాదు.
ఎర్రది ఎక్కడుందో
ఎవరైనా వచ్చి చెబుతారని ఉంచాను."

తిరుగు బండిలో పట్టిక తెరిచాను.
ఈ కోత నాదే.
కత్తెర పట్టడం కూడా రాకుండా.

ముప్పై పేజీలు వస్తాయనుకున్నారు.
ఒకటిన్నర ఇచ్చాను.
సమావేశం బుధవారానికి మార్చండి.
తివాచీ అందిన రోజే సగం డబ్బు చేతిలో పెట్టండి.
ఏ షిర్దక్ ఏ ఊళ్లో ఎవరింటికి చేరిందో
చేసినామెకి చెప్పండి.
మ్యూనిక్‌కి ఈ ఏడు ఎనభై అని రాయండి.

"దీనికోసమా నిన్ను అంత దూరం నుంచి పిలిపించాం?"
"ఇంట గెలిచాకే గదా రచ్చ" అన్నాను.
"ఆ ముక్క మా అత్తగారు ఊరికే చెప్పేది,
ఫీజు తీసుకోకుండా" అంది సాయిరాగుల్.
అన్నదే గానీ
గోడ మీద క్యాలెండర్లో ఆదివారాలు కొట్టేసింది.

బుధవారం ముప్పై ఒక్కరు వచ్చారు.
జూరకాన్ రాలేదు.
కోడలి చేత చీటీ పంపింది, ఒక్కటే మాట:
"ఎర్రది?"

కార్యదర్శి పాత రసీదుల కట్ట విప్పుతోంది.
నేను లాప్‌టాప్ మూసి
రెండో కట్ట అందుకున్నాను.